శేషారత్నం టీచర్ హస్తవాసి

కొత్తపేటలో మా బడి చుట్టూ ఉన్న సందుల్లో ఒక నమ్మకం ఉంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించాలంటే శేషారత్నం టీచర్ చేత్తోనే చేయించాలి. ఆవిడ వేలు పట్టి దిద్దించిన పిల్లలు పదో తరగతి గట్టెక్కకుండా ఉండరట. నేను అదే బడిలో తెలుగు చెబుతాను. నా పేరు బాలరాజ్. అక్షరాలు నా సొత్తు, ఆవిడది సైన్సు. అయినా పలకా బలపం పట్టుకుని వచ్చినవాళ్లు నేరుగా నా దగ్గరికొచ్చి, "సార్, సైన్సు మేడమ్ ఏ రూములో ఉన్నారు?" అని అడుగుతారు. ఒళ్లు మండుతుంది. అయినా చూపిస్తాను.

ఆవిడది రేపల్లె. పెళ్లయి ఈ ఊరొచ్చేనాటికి మా బడి రేకుల షెడ్డు. అప్పట్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది. బత్తాయి లారీల హారన్లను దాటి వెనక బెంచీకి వినబడేలా పాఠం చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు ఒక ఎత్తుకు చేరింది. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయింది గానీ గొంతు మాత్రం కిందికి దిగలేదు. ఆవిడ పై అంతస్తులో జీర్ణవ్యవస్థ చెబితే కింద నా క్లాసు పిల్లలు నోట్సు రాసుకుంటారు. భర్త ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అవకాశం రాక అయ్యుంటుంది.

పాఠం మొదలుపెట్టడానికి ఆవిడకో పద్ధతుంది. క్లాసులోకి రాగానే సంచిలోంచి కుంకుమ భరిణె తీసి బోర్డు అంచున బొట్టు పెడుతుంది. జడలోని పూలదండ చివర కాస్త తెంపి బోర్డు పై మూలన వేలాడదీస్తుంది. చాక్‌పీసు కళ్లకద్దుకుంటుంది. ఆ తర్వాతే హోంవర్కు చేయనివాళ్లను లేవమంటుంది. నల్లబోర్డు రోజుల నుంచీ ఇంతే.

అన్ని పాఠాల్లోకీ ఆవిడకు గుండె పాఠమంటే ప్రాణం. ఆ రోజు బెంచీలన్నీ జరిపి నాలుగు గదులు కట్టిస్తుంది. గదుల మధ్య నిలబడే పిల్లలు కవాటాలు, అంటే తలుపులు. ఒక పక్కకే తెరుచుకోవాలి, వచ్చినవాణ్ని వెనక్కి పోనివ్వకూడదు. మిగతా పిల్లలు రక్తం. బయట వరండా ఊపిరితిత్తులు. అక్కడికి వెళ్లిన ప్రతి రక్తానికీ ఒక పిప్పరమెంటు ఇస్తారు, అదే ఆక్సిజన్. దాన్ని పట్టుకుని మళ్లీ గుండెలోంచి వచ్చి, వెనక కూర్చున్న కాళ్లకూ చేతులకూ అందించాలి. దారిలో ఆక్సిజన్ నోట్లో వేసుకున్న రక్తానికి గోడకుర్చీ. ఇంత రభస చేసి చెబుతుంది కాబట్టే, పరీక్షలో గుండె బొమ్మ వేయలేని పిల్లవాడు మా బడిలో లేడు.

ఇలా సుఖంగా ఉన్న బడికి డిజిటల్ బోర్డు వచ్చింది.

దానికి కారణం ఎల్‌బీ నగర్ పోయే దారిలో ఒక మెట్రో పిల్లరుకు వేలాడే ప్రకటన. అవతల ఒక పెద్ద బడి వాళ్లు పెట్టించారు. అందులో ఒక పాప అరచేతిలో భూగోళం గిరగిరా తిరుగుతుంటుంది. మా కరస్పాండెంట్ రామమోహనరావు గారు రోజూ ఆ పిల్లరు కిందినుంచే బడికి రావాలి. ఆయన పదిహేను అడ్మిషన్లు పోతేనే తిండి మానేసే మనిషి. కొన్నాళ్లు ఆ భూగోళాన్ని చూసి చూసి, చివరికి ల్యాబులోని అస్థిపంజరాన్ని మెట్ల కిందికి మార్పించి, ఆ గదికి సున్నం వేయించి, గోడంత బోర్డు ఒకటి పెట్టించారు. అన్ని క్లాసులకూ అదొక్కటే. పిల్లలు వంతులవారీగా అక్కడికి రావాలి.

మొదటి బలి నేనే. "తెలుక్కి కూడా యానిమేషన్ ఉందండోయ్" అంటూ రామమోహనరావు గారు నా ముందు సవర్ణదీర్ఘ సంధి వేయించారు. ఎడమ పక్కనుంచి రామ అనే పదం, కుడి పక్కనుంచి ఆలయం అనే పదం లారీల్లా దూసుకొచ్చి గుద్దుకున్నాయి. పెద్ద చప్పుడు, పొగ. పొగ తేలిపోయాక చూస్తే రామాలయం. పిల్లలు చప్పట్లు కొట్టి మళ్లీ గుద్దించమన్నారు. గుణసంధికి ఇంకా పెద్ద యాక్సిడెంట్ ఉంటుందా అని అడిగారు. నేను కోపంగా పుస్తకం మూశాను గానీ, మర్నాడు పరీక్ష పెడితే ఒక్కడూ ఆ సంధి తప్పు రాయలేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆ వారమే స్టాఫ్ మీటింగులో రామమోహనరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఈ సంవత్సరం నుంచి పదో తరగతి చెప్పేవాళ్లు బోర్డు మీదే చెప్పాలండి. రానివాళ్లు ఇబ్బంది పడకండి, యూకేజీ ఉంది" అన్నారు. అందరితో అంటున్నట్టే అన్నారు, చూపు మాత్రం శేషారత్నం టీచర్ మీద ఉంది. ఆవిడకు మా అందరికంటే వయసెక్కువ. ఫోనులో ఫొటో ఎలా పంపాలో ఇప్పటికీ పిల్లల్నే అడుగుతుంది.

"యూకేజీకి గుండె పాఠం లేదు కదండీ" అంది ఆవిడ.

"ఉండదండి. రైమ్స్ ఉంటాయి."

బోర్డు అమ్మిన కంపెనీ ఆఫీసు ఎల్‌బీ నగర్‌లో ఉంది. అక్కడినుంచి ప్రసన్నకుమార్ అనే కుర్ర ఇంజినీరు నేర్పడానికి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో చిన్న స్ప్రే సీసా, ఒక మెత్తటి గుడ్డ. శుభ్రత అతనికి జబ్బులాంటిది. బోర్డు ముందుకు రాగానే నమస్కారం కూడా పెట్టకుండా ముందు తెర తుడుస్తాడు, అంచులు తుడుస్తాడు, మూలలు తుడుస్తాడు. ఆ తర్వాతే మనిషి మొహం చూస్తాడు.

శేషారత్నం టీచర్ మొదటిరోజు బోర్డు మీద చాక్‌పీసుతో రాయబోయింది. ప్రసన్నకుమార్ కేక వేశాడు. రెండోరోజు వేలితో చక్కగా పేజీ నిండా రాసి, అలవాటు కొద్దీ అరచేత్తో తుడిచింది. అరచేత్తో తుడిస్తే అది చెరిపేస్తుంది. అంతా పోయింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను ఆ ఒక్క ముక్కే తుడవమన్నాను. మొత్తం ఎవరు తుడవమన్నారు నిన్ను?" అని బోర్డును నిలదీసింది. బోర్డు ఏమీ మాట్లాడలేదు. తల దించుకున్న పిల్లాణ్ని వదిలేసినట్టు దాన్నీ వదిలేసింది.

మూడోరోజు అతను గుండె యానిమేషన్ పెట్టాడు. నేను కూడా అక్కడే ఉన్నాను, నవ్వుకోవడానికి వెళ్లాను. తెరనిండా గుండె. లోపల నాలుగు గదులూ అద్దంలోంచి కనబడుతున్నట్టే ఉన్నాయి. పై గదులు రెండూ ఒకేసారి ముడుచుకుంటున్నాయి, కింది గదులు రెండూ ఒకేసారి. ఒక పక్క నీలం, ఒక పక్క ఎరుపు కలిసి కదులుతున్నాయి. ఆవిడ నోరు మెదపలేదు. అంతసేపు ఆవిడ మౌనంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు కాబట్టి మంచినీళ్లు తెమ్మందామా అనుకున్నాను.

"రెండు పక్కలా ఒకేసారి కొట్టుకుంటుందండీ" అంది చివరికి, చిన్నగా. "పుస్తకంలో చదివాను, పిల్లలకి నోటితో చెప్పాను. కానీ నా బెంచీల్లో ఒక పక్క అయ్యాకే రెండో పక్క పంపేదాన్ని. ఇన్నేళ్లలో దీన్ని చూడటం ఇదే మొదటిసారి."

వేలు పెడితే గుండె ఆగింది. మళ్లీ పెడితే కొట్టుకుంది. రెండు వేళ్లు విడదీస్తే పెద్దదైంది. ఆవిడ చిన్నపిల్లలా దాన్ని ఆపుతూ నడిపిస్తూ అక్కడే నిలబడిపోయింది. నవ్వుకోవడానికి వెళ్లిన నేను నోరు మూసుకుని వచ్చాను. ఆ మర్నాటి నుంచి ఆవిడ మా అందరికంటే ముందే వచ్చి సాధన చేసింది. వారం తిరక్కుండా ప్రసన్నకుమార్ స్వయంగా, "మేడమ్‌కి ఇంక నేను నేర్పేదేం లేదు" అన్నాడు.

తీరా క్లాసు రోజు వచ్చింది. పదో తరగతి పిల్లలంతా డిజిటల్ గదిలో కూర్చున్నారు. ఆవిడ పద్ధతి ప్రకారం బొట్టు పెట్టి, పూల తుంపు తగిలించి, వేలు కళ్లకద్దుకుని గుండెను తాకింది. ఫ్యాను తిరుగుతోంది. గుండె కాసేపు బుద్ధిగా కొట్టుకుంది. తర్వాత ఎవరో తరుముతున్నట్టు పరుగందుకుంది. ఆవిడ "ఆగమ్మా" అంది. ఆగలేదు. పెద్దదై, ఇంకా పెద్దదై తెరంతా ఒక్క కవాటమే మిగిలింది. పై మూలనుంచి ఆకుపచ్చ గీత ఒకటి దానంతటదే వణుక్కుంటూ కిందికి దిగింది. పేజీ తిరిగి కప్ప వచ్చింది. కప్ప పొట్ట దానంతటదే తెరుచుకుంది. పిల్లలు బెంచీలెక్కి నవ్వారు.

ప్రసన్నకుమార్ వచ్చాడు. పూలు తీసేసి స్ప్రే కొట్టాడు, తెరా అంచులూ తుడిచాడు, గుండెను నడిపించాడు. గడియారంలా కొట్టుకుంది. "పర్ఫెక్ట్‌గా ఉంది మేడమ్" అని వెళ్లిపోయాడు. మర్నాడు ఆవిడ క్లాసులో మళ్లీ అదే గోల. మళ్లీ అతను వచ్చాడు, తుడిచాడు, వెళ్లాడు. విచిత్రమేమిటంటే మిగతావాళ్ల క్లాసుల్లో బోర్డు మహా మర్యాదగా ఉండేది. ఆవిడ పీరియడ్ అయ్యాక ఆయమ్మ గది ఊడ్చి, పూలు తీసేసి బోర్డు తుడిచేది. తర్వాత వచ్చిన లెక్కల కృష్ణకుమారి గారి వృత్తాలు గుండ్రంగా తిరిగేవి, నా లారీలు టైముకు గుద్దుకునేవి. ఒక్క శేషారత్నం టీచర్ తాకితేనే బోర్డుకు శివమెత్తేది.

ఆవిడ దిష్టి తగిలిందనుకుంది. ఇంకో బొట్టు ఎక్కువ పెట్టింది. పూలు ఇంకాస్త పొడుగ్గా వేలాడదీసింది. బోర్డు ఇంకాస్త ఎక్కువ తిక్కగా తయారైంది.

ఆ బొట్లు మేమంతా చూశాం. పిల్లలు చూశారు, ప్రసన్నకుమార్ వాటిని తన చేత్తోనే తుడిచాడు. ఎవరికీ ఏమీ తోచలేదు. మా ఊళ్లో బొట్టు లేని మెషీన్ ఏదని? జిరాక్స్ మెషీనుకు బొట్టుంటుంది, పిండిగిర్నీకి ఉంటుంది, లిఫ్టుకు ఉంటుంది. నా స్కూటరుకు ఎన్ని దసరాల బొట్లున్నాయో వాటి కింద రంగే కనబడదు. ప్రసన్నకుమార్ టూల్ బాక్సుకు కూడా పసుపు మరకుంది. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

మాట మాత్రం బయటికి పోయింది. పిల్లలు ఇళ్లలో చెప్పారు, ఇళ్లలోంచి రైతుబజారుకు వెళ్లింది. రైతుబజారుకు వెళ్లిన మాట అక్కడ ఆకుకూరకంటే వేగంగా అమ్ముడుపోతుంది. శేషారత్నం మేడమ్ చెయ్యి ఇదివరకటిలా లేదట. మెషీన్ కూడా ఆమె చేతిని పడనిస్తలేదట.

రైతుబజారులో ఆకుకూరలమ్మే పెంటమ్మ ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపింది. ఆమె పెద్ద మనవరాలు భానుప్రియ మా పదో తరగతి. చిన్న మనవరాలికి శేషారత్నం టీచర్ చేత అక్షరాభ్యాసం చేయించాలని ఎప్పుడో మాట తీసుకుంది.

"సారూ, చిన్నదాని అచ్చరాలు జర ఆపుతమని మేడమ్‌కి జెప్పు."

"ఎందుకాపుతవు?"

"ఏం లేదు సారూ. మంచిరోజులు లెవ్వంట."

"పెంటమ్మా, నాతోని ఎందుకు చెప్తవ్ గా మాటలు? మంచిరోజులు లేకనా, మేడమ్ చెయ్యి మీద నమ్మకం లేకనా?"

ఆమె కొంగు చివర మెలిపెట్టింది. "నాకేం తెల్వది సారూ. బజార్ల అంటున్నరు. పోరి బతుకు గదా, పరేషాన్ అయితది."

"బజార్ల అన్నదల్లా ఇంటే నీ తోటకూర గూడ ఎవలూ కొనరు, పో" అన్నాను. అరిచాననే చెప్పాలి. అరిచినందుకు నాకేమీ బాధ లేదు. బాధల్లా వెనక్కి తిరిగేసరికి శేషారత్నం టీచర్ అక్కడే నిలబడి ఉండటం.

ఆవిడ స్టాఫ్‌రూముకు వచ్చి కుర్చీలో కూర్చుని కుడి అరచేయి చూసుకుంది. ఆ వేళ్లకు చాక్‌పీసు తెలుపు ఎన్నడూ పూర్తిగా వదిలింది లేదు.

"బాలరాజ్ గారూ, మనిషి చేతిలో మంచి పోవడమంటూ ఉంటుందాండీ?"

"ఏంది మేడమ్, సైన్సు టీచర్ అయ్యుండి మీరే గిట్లంటే ఎట్ల?"

"సైన్సు నాకు తెలుసండీ. అందుకే అడుగుతున్నా. అందరి చెయ్యీ పడుతోంది దానికి, నాదొక్కటే పడటం లేదు. నాకు అదంటే ఎంత ఇష్టమో దానికి తెలీదు." ఆ గొంతు మొట్టమొదటిసారి పక్క గదికి వినబడనంత చిన్నగా ఉంది. ఇన్నాళ్లూ ఆ గొంతు తగ్గితే బాగుండునని కోరుకున్నవాణ్ని నేనే.

ఇంతలో రామమోహనరావు గారు తేల్చేశారు. శనివారం తల్లిదండ్రుల సమావేశం. శేషారత్నం గారు అందరి ముందూ బోర్డు మీద గుండె పాఠం చెప్పాలి. సరిగ్గా జరిగితే పదో తరగతి ఆవిడదే. జరగకపోతే సోమవారం నుంచి యూకేజీ. "పసిపిల్లలకి మీరంటే ఎంతో ఇష్టం కూడానండి" అని తీపి పూశారు.

శనివారం పొద్దున బడి ముస్తాబైంది. ఆయన ఏదైనా చేస్తే మామూలుగా చేయరు. పంతులుగారిని పిలిపించి బోర్డుకు పెద్ద పూజ చేయించారు. గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టించారు. బోర్డుకు నాలుగంచులా పసుపు రాసి వరసగా కుంకుమ బొట్లు పెట్టించారు. పైన ఈ చివరినుంచి ఆ చివరికి బంతిపూల దండ వేయించారు. మామూలు దండ కాదు, పెళ్లి పందిరికి వేసేంత లావు. మధ్యలో తెరమీదికి వేలాడుతూ, రెండు పక్కలా మోకాళ్ల దాకా దిగింది. శేషారత్నం టీచర్ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, ఆ వైభవం చూసి, "అయ్యవారే పెట్టారుగా" అనుకుని మళ్లీ లోపల పెట్టేసుకుంది.

తల్లిదండ్రులతో, పదో తరగతి పిల్లలతో గది కిక్కిరిసింది. పెంటమ్మ చిన్న మనవరాల్ని చంకనేసుకుని ముందు వరసలోనే కూర్చుంది. బజారు మాట నిజమో కాదో కళ్లారా చూడటానికి వచ్చిందని నాకు తెలుసు. ప్రసన్నకుమార్ కూడా వచ్చాడు, పాపం గుడ్డ తీయబోయాడు కూడా. పూజ చేసిన బోర్డును తుడుస్తావా అని రామమోహనరావు గారు కసిరితే ఆగిపోయాడు.

ఆవిడ దండం పెట్టుకుని గుండెను తాకింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దండ ఊగుతోంది.

ఆ రోజు బోర్డు చేసింది ఇదివరకెన్నడూ చేయలేదు. గుండె కొట్టుకోలేదు, గంతులేసింది. రక్తం ముందుకూ వెనక్కూ పరిగెత్తింది. కప్ప వచ్చింది, కప్ప మీద కృష్ణకుమారి గారి వృత్తం వచ్చింది, వృత్తంలోకి నా రామ, ఆలయం లారీలు వచ్చి గుద్దుకున్నాయి. తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది, బోర్డు మనకు అంతుపట్టని ఏదో దేశపు లిపిలోకి వెళ్లిపోయింది. తల్లిదండ్రుల్లో కొందరు నవ్వారు. కొందరు ఫోన్లు తీశారు.

"మేడమ్, ముందు మీరు చెయ్యి తీయండి!" అని అరిచారు రామమోహనరావు గారు.

ఆవిడ చెయ్యి తీసేసింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి, తప్పు చేసిన పిల్లలా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకానుకుని నిలబడింది. ఆవిడ ఎంతమందికి వేసిన శిక్షో అది. చూసి తట్టుకోలేకపోయాను. ఇంతలో తెర మీద కప్ప మళ్లీ పొట్ట తెరిచింది. నేను లేచాను.

"సార్, మేడమ్ చేతులు ఎనక్కున్నయి. అందరూ జర చూడుండ్రి. మరి గిప్పుడు ఎవలు ఒత్తుతున్నరు దాన్ని?"

ప్రసన్నకుమార్ పరిగెత్తి బోర్డు వెనక వైర్లు చూడటం మొదలుపెట్టాడు. శేషారత్నం టీచర్ తన చేతుల్ని ముందుకు తెచ్చుకుని ఒకసారి చూసుకుంది. ఏమనుకుందో ఏమో, కొంగు నడుముకు దోపింది. పాత గొంతు లేచింది.

"అది దాని గోల అది పడుతుంది గానీ, లేవండి అందరూ! బెంచీలు జరపండి. భానుప్రియా, నువ్వు ఈ తలుపు. కరస్పాండెంట్ గారూ, మీరు ఆ తలుపు."

"నేనా?"

"మీరే. ఒక పక్కకే తెరుచుకోవాలి. వెనక్కి ఎవర్నీ పోనివ్వకండి, ఫీజు కట్టినవాళ్లనైనా సరే."

క్షణంలో నాలుగు గదులు లేచాయి. తండ్రులు ఎర్ర రక్తం, తల్లులు నీలం రక్తం. సంచిలోంచి పిప్పరమెంట్ల పొట్లం బయటికొచ్చింది. ఇదివరకటి లాగా ఒక పక్క అయ్యాక రెండో పక్క కాదు. ఆవిడ చప్పట్లు కొడితే పై గదులు రెండూ ఒకేసారి ఖాళీ కావాలి. మళ్లీ కొడితే కింది గదులు. "రెండు పక్కలా కలిసే కొట్టుకుంటుందండీ గుండె! ఇది నాకు ఆ బోర్డు చూపించింది. ఏదీ, కానివ్వండి!" చప్పట్లు, అడుగులు, మళ్లీ చప్పట్లు. గదంతా ఒక గుండై కొట్టుకుంది. రామమోహనరావు గారు చెమటలు కక్కుతూ తెరుచుకున్నారు, మూసుకున్నారు. రక్తంగా వెళ్లిన పెంటమ్మ వరండా నుంచి ఆక్సిజన్ తెచ్చి కాళ్లకివ్వకుండా రొంటిన దోపుకుంది.

"పెంటమ్మా, ఆక్సిజన్ ఏదీ?"

"చిన్నదానికి దాసిన మేడమ్. ఇంకొకటియ్యి, కాళ్లకు గూడ ఇస్త."

నవ్వుల మధ్య ఆట ముగిసింది. గుండె అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. పెంటమ్మ ఆయాసపడుతూ బోర్డు దగ్గరికి వెళ్లి, "పూజ పువ్వు గదా, ఒకటి తీసుకుంట" అని దండలోంచి బంతిపువ్వు తెంపి చిన్నదాని జుట్టులో పెట్టింది. అది చూసి ఇంకో తల్లి ఒకటి తెంపుకుంది. పూజ చేసిన పువ్వంటే మనవాళ్లు ఊరుకుంటారా? తలా ఒకటి తెంపుకోవడం మొదలైంది. వేలితో కుంకుమ తీసి తాళిబొట్టుకు అద్దుకున్నవాళ్లు, నుదుట పెట్టుకున్నవాళ్లు, పసుపు చీర చెంగుకు తుడుచుకున్నవాళ్లు. దండ కరిగిపోయింది. చివరికి దారం కూడా ఎవరో భద్రంగా తీసుకెళ్లారు.

భానుప్రియే ముందు కేక వేసింది. "మేడమ్, అటు చూడుండ్రి!"

కప్ప వెళ్లిపోయింది. లారీలు లేవు. తెర మీద గుండె ఒక్కటే ఉంది. లబ్ డబ్, లబ్ డబ్ అని నిదానంగా, మర్యాదగా కొట్టుకుంటోంది.

ప్రసన్నకుమార్ బోర్డు వెనకనుంచి బయటికొచ్చాడు. ఖాళీ అంచులు చూశాడు, ఆడవాళ్ల జడల్లోని బంతిపూలు చూశాడు, గట్టిగా నుదురు కొట్టుకున్నాడు. ఒక పువ్వు అడిగి తీసుకుని, వేలు తగలకుండా కాడ పట్టుకుని తెరకు దగ్గరగా పెట్టాడు. గుండె ఉలిక్కిపడి ఆగింది. పువ్వు తీశాడు. మళ్లీ ఊపితే పరుగందుకుంది.

"దీని అంచుల్లో కంటికి కనబడని వెలుతురు ఈ పక్కనుంచి ఆ పక్కకి పోతూ ఉంటుందండి. మధ్యలో ఏది అడ్డమొస్తే అది వేలే అనుకుంటుంది. బొట్టు అంచుకు అంటినా అంతే, పువ్వు ఊగినా అంతే. నేను వచ్చినప్పుడల్లా ముందు తుడిచేసేవాణ్ని. అందుకే నాకు బాగుండేది. మేడమ్ సాధన చేసినప్పుడు కూడా బొట్టూ పూలూ లేవు." అతని మొహం ఎర్రబడింది. "మొదటిరోజే అడగాల్సింది."

అందరూ రామమోహనరావు గారి వైపు చూశారు. పెళ్లిపందిరి దండ వేయించిన ఆయన అప్పుడు ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోందో చాలా శ్రద్ధగా చూస్తున్నారు. శేషారత్నం టీచర్ మాత్రం ఆయన్ని చూడనే లేదు.

"అయితే బాబూ, దానికి నా చెయ్యి పడకపోవడం కాదా?"

"కాదు మేడమ్. మీ చెయ్యి దానికి బాగానే తెలుస్తోంది. మీతో పాటు పువ్వులు కూడా పాఠం చెబితే అదేం చేస్తుంది చెప్పండి?"

ఆవిడ ముందుకొచ్చి వేలు పెట్టింది. గుండె ఆగింది. మళ్లీ పెట్టింది. కొట్టుకుంది. ఇంకోసారి పెట్టి చూసుకుంది. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. దాచుకోలేదు, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "బెంచీలు ఎవరు సర్దుతారు? మీ తాతలా?" అని మెట్ల కిందున్న అస్థిపంజరానికి కూడా వినబడేలా అరిచింది. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. పదో తరగతి టైంటేబుల్లో ఆవిడ పేరు అలాగే ఉంది. యూకేజీ మాట ఇంక రాలేదు.

సోమవారం పొద్దున బెల్లు కొట్టకముందే పెంటమ్మ వచ్చింది. చిన్న మనవరాలికి కొత్త గౌను, జుట్టులో చేమంతులు. సంచిలో పలక ఉంది గానీ బయటికి తీయలేదు.

"మేడమ్, తప్పయింది. బజారోళ్ల మాట ఇన్న. నీ చేతితోనే దిద్దియ్యి. పలక మీద గాదు, గా బోర్డు మీదనే."

శేషారత్నం టీచర్ కుంకుమ భరిణె తీసింది. అలవాటైన చెయ్యి నేరుగా బోర్డు అంచు దాకా వెళ్లి ఆగింది. అక్కడినుంచి తిరిగొచ్చి పాప నుదుట బొట్టు పెట్టింది. పాపను ఎత్తుకుని, ఆ బుల్లి వేలు తన చాక్‌పీసు వేళ్లలో పట్టుకుని తెర మీద పెట్టింది. వేలు ఎటు వెళితే గీత అటే వెళ్లింది. ఓం వచ్చింది, న వచ్చింది. ఎక్కడా వణుకు లేదు, పక్కకు ఒక్క చుక్క పోలేదు. పెంటమ్మ చేతులు జోడించి నిలబడింది.

మః దగ్గర సున్నలు రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఎంతైనా తెలుగు మాస్టర్ని కదా, ఊరుకోలేక సరిచేద్దామని వేలెత్తుకుని ముందుకెళ్లాను.

"బాలరాజ్ గారూ, మీరు కాస్త దూరంగా ఉండండి" అంది ఆవిడ తల తిప్పకుండానే. "అడ్డమొస్తే అది మీ చెయ్యే అనుకుంటుంది."